నిద్రపోయే బిడ్డ

ఐన్ తజ్రూత్
శనివారం, 6 జనవరి 1979

మా అక్క బతూల్‌కి,

పైవాడి చల్లని చూపు నీ మీదా బావ మీదా ఉండాలి. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. తెల్లబట్టలు కట్టుకుని నాలుగు గోడల మధ్య కూర్చున్న మనిషి ఎంత బాగుంటుందో అంత బాగున్నాను.

నీ ఉత్తరం అందింది. ఫెజ్‌లో మీ కుట్టు షాపు యజమానురాలు జుబీదా నా కోసం ఒక పీట ఖాళీగా ఉంచుతానందని, అది ఫిబ్రవరి పదిహేను దాకానే అని రాశావు. నేను పంపిన పట్టు గుండీలు చూసి "ఈ చేతులు కొండల్లో ఏం చేస్తున్నాయి" అని అడిగిందని కూడా రాశావు. ఆ ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను. ఐదోసారి చదవబోతుంటే పక్కగదిలోంచి అత్త మూలుగు వినిపించింది.

మంచు సోమవారం మొదలైంది. సఫర్జల్ చెట్ల కొమ్మలు బరువుకి వంగి నేలకి తగులుతున్నాయి. ఆఖర్న కోసిన కాయలు అటక మీద గడ్డిలో ఉన్నాయి, ఇల్లంతా ఆ పళ్ళ వాసనే. అక్రోటు చెట్టు వైపు మాత్రం నేను చూడను. మిమూన్ పడిన చోట కూడా మంచు అన్నిచోట్లా పడినట్టే పడింది.

ఎనిమిది నెలలు బొగ్గుగనిలో ఉండి, అక్రోట్లు దులపటానికి ఇంటికొచ్చాడు మనిషి. వచ్చిన రాత్రి కాయలు ఎవరన్నా ఎత్తుకుపోతారని తోటలో గుడిసెలోనే కావలి పడుకున్నాడు. తెల్లారి చెట్టెక్కాడు. నేను రెండోసారి టీ పట్టుకెళ్ళేసరికి కింద ఉన్నాడు. ఎనిమిది నెలల తర్వాత మొగుడితో నేను మాట్లాడింది నాలుగు మాటలు అక్కా. అందులో ఒకటి టీలో పంచదార గురించి.

సరే, ఏడవటానికి రాయటం లేదు. మొగుడు పోయినదాన్ని కాబట్టి గడప దాటకుండా పాటించాల్సిన నా ఇద్దత్, నాలుగు నెలల పది రోజులు, ఫిబ్రవరి మూడుతో తీరిపోతుంది. ఆ రోజు తల మీద నీళ్ళు పోసుకుని, రంగు బట్టలు కట్టుకుని, ఫెజ్ బస్సెక్కుదామని రోజులు లెక్కపెడుతున్నాను. ఇంతలో నా నోరు జారింది.

మంచు మొదలైన రోజు నుంచి అత్త గోడవైపు తిరిగి పడుకుంది. రొట్టె వద్దంది, హరీరా జావ వద్దంది, మంచినీళ్ళు కూడా వద్దంది. నిన్న శుక్రవారం మధ్యాహ్నానికి ఆవిడ చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. గిన్నె పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"నాలుగు గుటకలు తాగండి అత్తయ్యా."

"ఎవరికోసం తాగాలే?"

అక్కా, ఆ మాటకి ఏం సమాధానం చెప్తావు? నాకు ఒక్కటే తోచింది. "నా కడుపులో ఏదో కదిలినట్టుంది అత్తయ్యా" అన్నాను.

ఆవిడ ఇటు తిరిగింది. చాలాసేపు నా మొహంలోకి చూసింది. "ఇంకెవరికన్నా చెప్పావా?" అంది. లేదన్నాను. "అయితే విను. పోయిన చలికాలం మిమూన్ ఇంట్లో ఉన్నప్పుడు నిలిచిన బిడ్డ ఇది. వాడు గనికి పోయాక బెంగతో నిద్రపోయింది. ఇప్పుడు కదిలింది. ఎవరడిగినా ఇదే చెప్పు" అంది. చెప్పి, లేచి కూర్చుని, రెండు గిన్నెలు తాగింది.

నేను నెలలు లెక్కచూసుకోకుండా వాగాను. ఆవిడ లెక్కచూసింది. కుదరకపోతే బిడ్డని నిద్రపుచ్చి మరీ కుదిర్చింది. కడుపుతో ఉన్నదాని ఇద్దత్ కాన్పుతోనే తీరుతుందని నీకు తెలియనిది కాదు. కడుపులో నిద్రపోయే బిడ్డని మన ఊళ్ళలో ఎవరూ కాదనరు, అది ఎన్నేళ్ళు పడుకుంటుందో ఎవరికీ తెలీదు. ఆవిడ నాలుగు మెతుకులు తినాలని ఒక్క ముక్క అన్నాను. ఇప్పుడేం చెయ్యాలో రాయి.

నీ చెల్లెలు,
యామ్నా

*

ఫెజ్
గురువారం, 11 జనవరి

ఒసేయ్ యామ్నా,

నీకు నూరేళ్ళు. నీ ఉత్తరం చదువుతూ ఏడ్చాను, తర్వాత నవ్వాను, ఈలోగా పొయ్యి మీద కూర మాడిపోయింది. మీ బావ మాడిన కూరే తిన్నాడు, సంగతి చెప్పాక ఏమీ అనలేదు.

ఐదేళ్ళకి దేవుడు కరుణించాడే. పాపం ఆ మనిషి చూసుకోకుండానే పోయాడు గానీ, ఆనవాలు మిగిల్చి పోయాడు. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది, ఏం చెయ్యాలో రాయి అంటావేంటి? కాళ్ళు చాపుకుని కూర్చో, అదే చెయ్యాలి. మన మేనత్త కూతురు రహ్మాకి కడుపులో బిడ్డ మూడేళ్ళు పడుకోలేదూ? వాడు పళ్ళతో పుట్టాడని అమ్మ చెప్పేది. నేను వెళ్ళి చూసేసరికి పళ్ళు లేవనుకో, అది వేరే సంగతి.

జుబీదాకి ఆ పూటే చెప్పేశాను. షాపులో పన్నెండు మంది ఆడవాళ్ళు కత్తెరలు పక్కనపెట్టి ఒకేసారి కూతలు కూశారు, వీధిలో వాళ్ళు పెళ్ళేమో అనుకున్నారు. "అయితే ఆ పీట ఇంకొకళ్ళకి ఇస్తాలే, మీ చెల్లెల్ని కాన్పయ్యాక రమ్మను" అంది. మంచి మనిషి.

మన వీధి ఆడవాళ్ళం తలా ఒక చదరం అల్లి పసుప్పచ్చ దుప్పటి కుట్టాం. బస్సు కండక్టరుకిచ్చి పంపుతున్నాను. బరువులెత్తకు. వాముకారం తిను. అత్తగారి మాట జవదాటకు, ఇప్పుడు ఆవిడ చెప్పిందే వేదం.

ఉప్పొంగిపోతున్న నీ అక్క,
బతూల్

*

ఐన్ తజ్రూత్
బుధవారం, 17 జనవరి

అక్కా,

ఉత్తరం సగం చదివి సగం వదిలేయటం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. పెళ్ళిచూపులప్పుడు బావ వాళ్ళు గురువారం వస్తామని రాస్తే నువ్వు బుధవారమే చేతులకి గోరింటాకు పెట్టుకుని కూర్చున్నావు. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావటం లేదు.

అరిచి చెప్పే వీల్లేదు కాబట్టి పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. నా కడుపులో ఏమీ లేదు. బిడ్డా లేదు, నిద్రా లేదు. అత్త తినాలని అబద్ధమాడాను, ఆ సంగతి పోయిన ఉత్తరంలో రాశాను. చూడు, దాచిపెట్టే ఉంటావు.

నీ మూట ఎలా వచ్చిందో విను. కండక్టరు దాన్ని రోడ్డు మీద మా పక్కింటి ఫద్మా చేతికిచ్చాడు. ఫద్మా సంగతి నీకు తెలుసు, తుమ్మితే ఊరంతా చెప్పొస్తుంది. తాడు తనే కోసింది. పసుప్పచ్చ దుప్పటి విప్పి అత్త ముందు పరిచి, "ఏం లల్లా ఇత్తో, మాకు చెప్పలేదే" అంది. అత్త ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "నా కొడుకు బిడ్డ. నిద్రపోయి లేచింది" అంది. దుప్పటి తీసుకెళ్ళి సందువైపు తీగ మీద ఆరేసింది. కొత్త దుప్పటి అక్కా, తడి లేదు. అయినా రెండు రోజులు ఆరింది. సాయంత్రానికి ఊళ్ళో గాడిదలకి కూడా తెలిసిపోయింది.

ఇప్పుడు నా బతుకు ఇదీ. ఊటకి వెళ్ళకూడదు. గేటు దాటకూడదు. తోటలోకి వెళ్ళాలంటే ఇద్దరం వెళ్ళాలి. ఇంట్లో కూడా నడుము మీదుగా ఉన్ని శాలువా రెండు చుట్లు చుట్టుకోవాలి. మౌల్వీ దగ్గర ఏడు ముళ్ళ తాయెత్తు రాయించి తెచ్చి నా మొలకి కట్టింది. ఎవరన్నా ఆడవాళ్ళు వస్తే నన్ను లోపలికి పంపించి, "దానికి ఒంట్లో నలతగా ఉంది" అని గుమ్మంలోనే టీ ఇచ్చి పంపేస్తుంది. గుండీలు చేసుకోవటానికి కిటికీ దగ్గర కూర్చుంటే కిటికీ మూసేసింది. దీపం పెట్టుకుని పట్టపగలు గుండీలు చుడుతున్నాను.

పోయినవారం నాకు నెలసరి వచ్చింది. ఆ గుడ్డలు మంచులో ఉతుక్కుని, గొర్రెల కొట్టంలో గడ్డిమోపు వెనకాల ఆరేసుకున్నాను. సొంత ఇంట్లో దొంగతనం చేసినట్టుంది. గొర్రెలకి మాత్రం నిజం తెలుసు.

పోనీ అత్తని తిట్టుకుందామంటే అదీ కుదరటం లేదు. తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేస్తోంది. బార్లీ రొట్టె తనే కాలుస్తోంది. నిన్న సఫర్జల్ కొమ్మల మీద మంచు దులుపుతూ ఏదో పాట కూడా గొణుక్కుంది. చచ్చిపోదామని పడుకున్న మనిషి నా ఒక్క అబద్ధంతో లేచి తిరుగుతోంది. ఆవిడ బతికింది, నేను ఇరుక్కుపోయాను.

నిజం చెప్తే మళ్ళీ గోడవైపు తిరుగుతుంది, ఈసారి లేవదు. చెప్పకపోతే నా తల నెరిసేదాకా లేని పిల్లాడు నిద్రలేవటం కోసం కూర్చోవాలి. ఆ పీట నాకు కావాలక్కా. నా చేతుల మీద నేను బతకాలి. జుబీదా కాళ్ళు పట్టుకుంటావో గడ్డం పట్టుకుంటావో నాకు తెలీదు, ఆ పీట ఎవరికీ ఇవ్వనివ్వకు.

యామ్నా

*

ఫెజ్
సోమవారం, 22 జనవరి

నా బంగారు చెల్లెలా,

చెప్పుతో కొట్టినా పడతాను. నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. "ఆవిడ నాలుగు మెతుకులు తినాలని ఒక్క ముక్క అన్నాను" అని స్పష్టంగా ఉంది. కదిలినట్టుంది అన్న చోటే నా కళ్ళు ఆగిపోయాయి. నీకు పిల్లలు కావాలని ఐదేళ్ళుగా నేను మొక్కని దర్గా లేదు. అందుకే అలా చదివాను, మరోలా అనుకోకు.

జుబీదా దగ్గరికి వెళ్ళి పొరపాటు చదివానని చెప్పాను. "కళ్ళజోడు కొనుక్కో" అంది. పీట పదిహేను దాకా అలాగే ఉంటుంది, ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఆగనంది. పెళ్ళిళ్ళ రోజులు వస్తున్నాయి, ఆవిడకీ చేతులు కావాలి కదా.

ఇక విను. ఫిబ్రవరి మూడు శనివారం పొద్దున్నే బస్సెక్కుతాను. శని, ఆది రెండు రోజులు మీ ఇంట్లో ఉంటాను. అత్తగారితో నేను మాట్లాడతాను. నువ్వు పెదవి విప్పకు. నిజం చెప్పటానికి కూడా అలవాటున్న మనిషి ఉండాలి, నీకు చిన్నప్పటి నుంచీ అన్నీ కడుపులో దాచుకోవటమే. మెల్లగా, తేనె రాసి చెప్తాను. ఆవిడ ఏడిస్తే ఏడుస్తుంది, నేనూ పక్కన కూర్చుని ఏడుస్తాను. ఆదివారం మధ్యాహ్నం బస్సుకి ఇద్దరం కలిసి వచ్చేద్దాం.

నీకోసం ఆకుపచ్చ కఫ్తాను కుట్టాను. నువ్వు చుట్టిన గుండీలే దానికి పెట్టాను, మెడ నుంచి పాదం దాకా. ఆ తెల్లబట్టలు విప్పిన రోజు కట్టుకుందువు గాని.

నీ తెలివితక్కువ అక్క,
బతూల్

*

ఫెజ్
సోమవారం, 5 ఫిబ్రవరి

యామ్నా,

క్షేమంగా చేరాను. చేరానని చెప్పటానికి రాయటం లేదు.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. తేనె రాసి చెప్తానని కోతలు కోసి వచ్చాను. శనివారం మోకాలి లోతు మంచులో రోడ్డు నుంచి మీ ఇంటికి నడిచొచ్చేసరికి లల్లా ఇత్తో గుమ్మంలో వేడినీళ్ళ గంగాళంతో నిలబడి ఉంది. నా కాళ్ళు తన చేత్తో కడిగింది. ఆ కాళ్ళు కడిగించుకుని ఏం చెప్పమంటావు? తర్వాత చెప్దామనుకున్నాను. తర్వాత సఫర్జల్ ముక్కలేసి వండిన మేకమాంసం వచ్చింది. తర్వాత కుంపటి చుట్టూ ముగ్గురం కూర్చున్నాం. నువ్వు గుండీలు చుట్టావు, ఆవిడ అక్రోట్లు కొట్టింది, నేను ఒలిచాను. కప్పు మీద నుంచి మంచు జారి తోటలో పడుతుంటే వింటూ కూర్చున్నాం. ఫెజ్‌లో నాకు ఒక్కపూట కూడా దొరకని ప్రశాంతత అది. అది చెడగొట్టటానికి నాకు మనసు రాలేదు. నువ్వు నావంక చూస్తున్నావు, నేను కుంపటివంక చూస్తున్నాను. ఆకుపచ్చ కఫ్తాను సంచీలోంచి బయటికి తియ్యనే లేదు.

ఇప్పుడు నీ తప్పు సంగతికి వద్దాం.

ఆదివారం పొద్దున నువ్వు గొర్రెలకి మేత వెయ్యటానికి వెళ్ళావు. ఆవిడ చెట్ల మొదళ్ళకి గోనెపట్టాలు చుడుతూ నన్ను పిలిచి తాడు కొస పట్టుకోమంది. ఇదే సమయం అనుకుని, "లల్లా ఇత్తో, మీతో ఒక మాట చెప్పాలి" అన్నాను. "నేను ముందు చెప్తాను" అంది. ఆవిడ అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"ఏవమ్మా పట్నం పిల్లా, నువ్వు దాన్ని తీసుకుపోవటానికి వచ్చావని నాకు తెలుసు. తీసుకుపోకు. మిమూన్ వచ్చిన రాత్రి తోటలో పడుకున్నాడు, ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు? కడుపులో ఉన్నది ఎవరిదని నేను అడగను. నా మొగుడు ఫ్రెంచివాళ్ళ పటాలంలో ఇటలీ యుద్ధానికి పోయాడు. పోయిన రెండో ఏడు మిమూన్ పుట్టాడు. లెక్కలు నాకూ వచ్చు, ఊరికీ వచ్చు. మా అత్త ఆ గడప మీద నిలబడి, 'నా కొడుకు బిడ్డ నిద్రలేచాడు' అంది. ఒక్కరు నోరెత్తలేదు. చచ్చేదాకా ఆవిడ నన్ను ఒక్క మాట అడగలేదు. ఈ ఇల్లూ తోటా నా పేరునే పెట్టి పోయింది. పట్నంలో కాన్పయితే దానికి సాక్ష్యం నిలబడేదెవరు? ఇక్కడైతే నేనున్నాను. కాన్పయ్యేదాకా దాన్ని ఎవరి కళ్ళా పడనివ్వను. నువ్వు నిశ్చింతగా వెళ్ళు."

ఆవిడ ఇంకో చెట్టు దగ్గరికి నడిచింది, నేను తాడు పట్టుకుని వెనకాలే వెళ్ళాను.

చెప్దామనుకున్నది చెప్పకుండానే బస్సెక్కాను. నీతో కూడా మాట్లాడలేదు, నువ్వు గేటు దాకా వచ్చి కళ్ళతో అడిగినా సరే. బస్సంతా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆవిడ అంత గట్టిగా ఎందుకు నమ్ముతోంది? పైగా శనివారం సాయంత్రం నువ్వు కొట్టంలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక ఏదో గడ్డిలో దాచినట్టు నాకనిపించింది.

నాకు నిజం చెప్పు. ఎవడే వాడు? ఆ కట్టెలు తెచ్చే హద్దూనా? నాకు "కడుపులో ఏమీ లేదు" అని పెద్ద అక్షరాలతో రాశావే, అదీ అబద్ధమేనా? ఉంటే ఉందని చెప్పు. తిడతాను, కొడతాను, కానీ వదిలెయ్యను. ఒక పరాయి ముసలమ్మ నీకు సాక్ష్యం నిలబడతానంటుంటే సొంత అక్కకి సంగతే తెలియకపోవటం నాకు కష్టంగా ఉంది.

బతూల్

*

ఐన్ తజ్రూత్
శుక్రవారం, 9 ఫిబ్రవరి

అక్కా,

హద్దూకి డెబ్బై ఏళ్ళు, మూడు పళ్ళు, నాలుగు గాడిదలు. ఆ నాలుగింటిలో ఏ ఒక్కటైనా హద్దూ కంటే నయం. నేను కొట్టంలో దాచింది ఆ నెలసరి గుడ్డలే, మళ్ళీ వచ్చింది. పెద్ద అక్షరాలు నిజమే.

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. చదివి ముందు ఒళ్ళు మండింది. తర్వాత ఒక్కొక్కటే గుర్తొచ్చింది. "ఇంకెవరికన్నా చెప్పావా" అని ఆవిడ మొదట అడగటం. తడి లేని దుప్పటి తీగ మీద వెయ్యటం. నా నడుముకి శాలువా. మూసిన కిటికీ. గుమ్మంలోనే టీ. నెల రోజులుగా నన్ను బంధించిందని పళ్ళు కొరుక్కున్నాను. ఆవిడ నన్ను దాస్తోందక్కా. ఆవిడ బతకాలని నేను అబద్ధాన్ని మోస్తున్నాను, నా పరువు నిలవాలని ఆవిడ అదే అబద్ధాన్ని రెండో కొస పట్టుకుని మోస్తోంది. ఇద్దరం ఎవరికి వాళ్ళం మోసుకుంటూ ఒకే ఇంట్లో ఇరుక్కున్నాం.

నువ్వు చెప్పలేకపోయినది నేనే చెప్పాను. ఆ సాయంత్రమే. ఆవిడ అక్రోట్లు కొడుతోంది.

"అత్తయ్యా, నా కడుపులో ఏమీ లేదు. ఎప్పుడూ లేదు. మీరు తినాలని అన్నాను."

ఆవిడ ఇంకో కాయ పెట్టి కొట్టింది. "ఎవరూ లేరా?"

"లేరు."

"నిజంగా?"

"మిమూన్ మీద ఒట్టు."

రాయి పక్కన పెట్టింది. "మరి నేనెందుకు లేచానే?" అంది.

ఆవిడే మళ్ళీ అంది. "మనవడి కోసం లేచాననుకున్నావా? నా కొడుకు ఎప్పుడు ఎక్కడ పడుకున్నాడో నాకు తెలీదా? నీ గొంతు వినగానే అనుకున్నాను, నేనూ ఒకప్పుడు ఇదే గొంతుతో చెప్పాను. పిల్ల చిక్కులో పడింది, నేను కూడా గోడవైపు తిరిగితే దీన్ని కాసేదెవరని లేచాను. నా అవసరం ఉందనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఏడవలేదు. కొట్టిన కాయలు బుట్టలో వేసి, చేతులు దులుపుకుని, వెళ్ళి పడుకుంది. గోడవైపు తిరిగే పడుకుంది.

నిన్న గురువారం పొద్దున లేవలేదు. పొయ్యి నేనే రాజేశాను. రొట్టె పెట్టాను, ముట్టలేదు. హరీరా పెట్టాను, ముట్టలేదు. ఇంకో అబద్ధం ఆడదామని నోటిదాకా వచ్చింది అక్కా, సిగ్గు విడిచి చెప్తున్నాను. ఏమీ తోచలేదు. శాలువా తీసి పారేసి పెరట్లోకి వెళ్ళి మంచు ఎత్తిపోస్తున్నాను, కోపం ఎక్కడో అక్కడ పోవాలి కదా. అప్పుడే పాలచెంబు పట్టుకుని ఫద్మా గేటు తోసుకుని వచ్చింది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏవే యామ్నా, కడుపేదీ?"

గేటు బయట ఇంకో ఇద్దరు ఆగారు. "ఉందన్నారు, దుప్పటి ఆరేశారు. ఏం చేసుకున్నావు?" అంది ఫద్మా. ఆ ప్రశ్నలో ఏముందో నీకు చెప్పక్కర్లేదు. ఊళ్ళో ఆడదాన్ని నిలువునా కాల్చటానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

వెనకాల తలుపు చప్పుడైంది. అత్త వచ్చింది. కాళ్ళకి చెప్పులు లేవు, మంచులోనే నడిచొచ్చి నా పక్కన నిలబడింది.

"బిడ్డ మళ్ళీ పడుకుంది ఫద్మా. చలికి పడుకుంది, ఏం, నీకేమన్నా బాధా? గాలి మారితే మంచిదని దీన్ని వాళ్ళక్క దగ్గరికి నేనే పంపిస్తున్నాను. ఎప్పుడు లేచినా అది నా కొడుకు బిడ్డే. పదేళ్ళకి లేచినా, ఎవరి ఊళ్ళో లేచినా. చెంబు అక్కడ పెట్టి వెళ్ళు."

ఫద్మా చెంబు పెట్టి వెళ్ళింది.

లోపలికొచ్చాక ఆవిడ పాదాలు నా ఒళ్ళో పెట్టుకుని రుద్దాను. చాలాసేపటికి గాని వేడెక్కలేదు. "రొట్టె ఏదే, ఎండిపోయిందా?" అని అడిగింది. ఎండిందే పాలలో ముంచుకుని తిన్నది.

ఇవాళ పొద్దున గంగాళంలో నీళ్ళు కాచి, కొట్టం తలుపు వేసి, నా తల మీద తనే పోసింది. తీరాల్సిన రోజుకి ఆరు రోజులు ఆలస్యంగా నా ఇద్దత్ తీరింది. తెల్లబట్టలు మడిచి పెట్టెలో పెట్టింది. తాయెత్తు విప్పబోతే నా చెయ్యి పట్టుకుంది. "అది ఉండనీ. ఒంటరి దానివి, ఊరు కాని ఊరు. ఏదన్నా అయితే బిడ్డ లేచిందని చెప్పు, నేను సాక్ష్యం వస్తాను. ఏమీ కాకపోతే మరీ మంచిది" అంది. నేను అలాంటి దాన్ని కానని అనబోయాను. ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను. ముప్పై నాలుగేళ్ళ కింద ఆవిడా అలాంటి మనిషి కాదేమో, నాకేం తెలుసు.

ప్రవక్త పుట్టినరోజు పండగ వెళ్ళాక, పదమూడు మంగళవారం బస్సుకి వస్తాను. జుబీదాకి చెప్పు. ఆకుపచ్చ కఫ్తాను తీసి గాలికి వెయ్యి.

వస్తున్నానని రాశాను గానీ, ఇప్పుడు నన్నెవరూ పట్టుకోలేదక్కా. కిటికీ తెరిచి ఉంది, గేటు తీసే ఉంది, కాళ్ళే కదలటం లేదు. పోనీ మీరూ నాతో రండి అన్నాను. "నా చెట్లకి గోనెపట్టాలు ఎవరు విప్పుతారు, నీ జుబీదానా?" అంది. నీ పసుప్పచ్చ దుప్పటి తెస్తానన్నాను, అదీ ఇవ్వనంది. మధ్యాహ్నం కప్పుకుని పడుకుంది. మోకాళ్ళ దాకానే వచ్చింది. సరిపోతుందిలే అంది.

ఒక్కటి మాత్రం అడిగింది. ఫెజ్ వెళ్ళాక తనకి ఉత్తరాలు రాయమంది. ఆవిడకి చదవటం రాదు, ఫద్మా కూతురు చదివిపెట్టాలి, అంటే ఊరంతా వింటుంది. "ఏం రాసినా రాయకపోయినా చివర్న ఒక ముక్క తప్పకుండా రాయి. అది విన్నంత కాలం నేను పొయ్యి రాజేసుకుంటాను" అంది. ఆ ముక్క ఎన్నేళ్ళు రాయాలో చెప్పలేదు, నేనూ అడగలేదు. చెయ్యి అలవాటు కావాలని నీ ఉత్తరంలోనే మొదలుపెడుతున్నాను.

నీ యామ్నా

బిడ్డ ఇంకా పడుకునే ఉంది.